చదువు, యాత్ర, విశ్వాసం, ఓటు: ఒక రిటైర్డ్ కథోలికుడి మాటలు

ఫాదర్ గారికి, సిస్టర్లకి, పెద్దలకి, వెనక బెంచీల్లో సర్దుకుని కూర్చున్న పిల్లలకి, అందరికీ నమస్కారం.

నన్ను నాలుగు విషయాల మీద మాట్లాడమన్నారు, చదవడం, తిరగడం, విశ్వాసం, రాజకీయం. ఈ నాలుగూ దేని దారి దానిదే అని చాలామంది అనుకుంటారు, చదువు తీరిక ఉన్నవాళ్ళకి, యాత్రలు డబ్బున్నవాళ్ళకి, విశ్వాసం ఆదివారానికి, రాజకీయం ఎలక్షన్లకి అని. రిటైర్ అయినప్పటి నుంచీ నాకు మాత్రం ఈ నాలుగూ ఒకటే పని అని గట్టిగా అనిపిస్తోంది, ఆ పని ఏంటంటే అంతరాత్మని తయారు చేసుకోవడం. ఇవాళ నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

1992లో రెండవ జాన్ పాల్ పోప్ గారు ఇచ్చిన కేటకిజం, అంటే శ్రీసభ (కథోలిక చర్చి) బోధనల పుస్తకం, ఉంది కదా, అందులో 1784వ పేరా తీసి చూడండి, అంతరాత్మకి చదువు చెప్పడం జీవితాంతం చెయ్యాల్సిన పని అని ఉంటుంది. జీవితాంతం అంటే అందులో మనలాంటి వాళ్ళు కూడా ఉన్నట్టే కదండీ. ఉద్యోగానికి రిటైర్మెంట్ ఉంది, దీనికి లేదు. నన్నడిగితే అసలు పని ఇప్పుడే మొదలవుతుంది, ఎందుకంటే ఇప్పుడు మన మీద బాస్ లేడు, ప్రమోషన్ ఆశ లేదు, ట్రాన్స్‌ఫర్ భయం లేదు, నిజం అనుకున్నది నిజం అని చెప్పడానికి అడ్డమేమీ లేదు, అలాంటప్పుడు కూడా మనం ఎవరో ఫార్వర్డ్ చేసిన మెసేజే మన అభిప్రాయం అనుకుంటూ బతికితే ఈ మిగిలిన కాలమంతా దేనికి?

ఇక్కడ ఒకటి సరిగ్గా అర్థం చేసుకోవాలి. నాకు అనిపించింది కాబట్టి అదే నా అంతరాత్మ అంటే కుదరదు. ప్రపంచంలోని బిషప్పులంతా కూర్చున్న రెండవ వాటికన్ మహాసభ 1965లో చెప్పింది, అంతరాత్మ అనేది మనిషి లోపలి గర్భగుడి లాంటిది, అక్కడ మనిషి దేవుడితో ఒంటరిగా ఉంటాడు అని. అక్కడ వినపడాల్సింది దేవుడి మాట, మన ఇష్టాయిష్టాలు కాదు. పునీత జాన్ హెన్రీ న్యూమన్ ఇంకా సూటిగా అన్నాడు, అంతరాత్మకి బాధ్యతలున్నాయి కాబట్టే దానికి హక్కులున్నాయి అని. ఈయన ఇంగ్లండ్‌లోని ఆంగ్లికన్ చర్చిలో గురువుగా ఉండి, తొలి శతాబ్దాల క్రైస్తవ బోధకుల, అంటే సభాపితరుల, పుస్తకాలు ఏళ్ళ తరబడి చదివి చదివి, 1845లో కథోలికుడయ్యాడు. దానికోసం స్నేహితుల్ని పోగొట్టుకున్నాడు, అప్పటిదాకా ఉన్న పేరు పోగొట్టుకున్నాడు. 2019లో పునీతుడయ్యాడు, 2025 నవంబర్ 1న లియో 14 పోప్ గారు ఆయన్ని శ్రీసభ పండితుడిగా, అంటే బోధనలో అందరికీ ప్రామాణికుడిగా, ప్రకటించారు. చదవడం అంటే అంత సీరియస్ వ్యవహారం అండీ, అది మనిషిని ఇల్లు ఖాళీ చేయించగలదు.

చదవడం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇది మనందరికీ అందుబాటులో ఉన్న పని, కళ్ళు సహకరించకపోతే ఆడియో ఉంది, మనవళ్ళతో చదివించుకోవచ్చు.

పునీత ఇగ్నాసి లొయోలా సంగతి మీకు తెలిసిందే, 1521లో స్పెయిన్‌లోని పాంప్లోనా కోటలో యుద్ధం చేస్తుంటే ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది, మంచాన పడ్డాడు. కాలక్షేపానికి వీరుల కథలు, ప్రేమ కథలు తెమ్మన్నాడు. ఆ ఇంట్లో అవి లేవు, ఉన్నవి క్రీస్తు జీవిత చరిత్ర, పునీతుల చరిత్రలు, వేరే దారి లేక అవే చదివాడు. ఇంతవరకూ అందరూ చెప్తారు, నాకు ముఖ్యమనిపించేది ఆ తర్వాతది. ఆయన తన మనసుని గమనించుకున్నాడు. రాజాస్థానం గురించి, తను సాధించబోయే ఘనత గురించి ఊహించుకుంటే అప్పటికి బ్రహ్మాండంగా ఉండేది, కాసేపయ్యాక లోపలంతా ఎండిపోయినట్టుండేది. పునీతుల్లాగా బతకాలని ఊహించుకుంటే అప్పుడూ సంతోషమే, తర్వాతా ఆ సంతోషం నిలబడేది. ఇంతే, ఇందులోంచే ఆయన తర్వాత స్థాపించిన జెసూయిట్ గురువుల సభ ఆధ్యాత్మిక సాధన మొత్తం పుట్టింది. మనం కూడా ఇది చేసి చూడొచ్చు. టీవీలో గంట సేపు డిబేట్ చూశాక లోపల ఏం మిగిలిందో ఒక్కసారి చూసుకోండి, అవతలి కులం మీద, అవతలి మతం మీద, అవతలి పార్టీ మీద కోపం తప్ప ఇంకేమైనా మిగిలిందా? సువార్తలో ఒక అధ్యాయం చదివాక ఏం మిగులుతుంది? ఇగ్నాసి గారు ఐదొందల ఏళ్ళ కింద మంచం మీద చేసిన ఆ పరీక్ష ఇవాళ ప్రతి ఇంట్లో రోజూ చెయ్యాల్సిన పరీక్ష అని నా నమ్మకం.

ఇంకొకామె ఎడిత్ స్టెయిన్. యూదుల ఇంట్లో పుట్టింది, పెద్ద ఫిలాసఫర్, చిన్నతనంలోనే దేవుడి మీద నమ్మకం వదిలేసింది. 1921 వేసవిలో స్నేహితుల ఇంట్లో ఉన్నప్పుడు ఆవిలా పునీత తెరెసమ్మ ఆత్మకథ చేతికి దొరికి రాత్రికి రాత్రే చదివేసింది, మరుసటి ఏడు జనవరి 1న జ్ఞానస్నానం తీసుకుంది. ఇక్కడితో కథ ఆపేస్తే అది భక్తి కథ అవుతుంది, కానీ అక్కడితో ఆగలేదు. 1933లో హిట్లర్ అధికారంలోకి రాగానే ఆమె పదకొండవ పియుస్ పోప్ గారికి ఉత్తరం రాసింది, యూదుల మీద జరుగుతున్న ఈ దుర్మార్గం మీద శ్రీసభ నోరు విప్పాలి అని. ఆ ఉత్తరం 2003 దాకా వాటికన్ ఆర్కైవ్స్‌లో ఉండిపోయింది. ఆమె కార్మెల్ కన్యల మఠంలో చేరింది, 1942 ఆగస్టు 9న నాజీలు ఆమెని ఔష్విట్జ్ మృత్యు శిబిరంలో చంపేశారు. ఒక రాత్రి చదివిన పుస్తకం మఠానికి తీసుకెళ్ళింది, పోప్ గారికి రాజకీయ ఉత్తరం రాసే ధైర్యం కూడా ఆ విశ్వాసంలోంచే వచ్చింది, ఈ రెంటినీ విడదీయడం ఎవరి తరం?

మనవాళ్ళు కొందరు అంటుంటారు, మన పుస్తకాలు మనం చదువుకుంటే చాలు, పక్కవాళ్ళవి ఎందుకు, విశ్వాసం పాడవుతుంది అని. శ్రీసభ కూడా ఒకప్పుడు అలాగే ఆలోచించింది, 1559లో నిషిద్ధ గ్రంథాల జాబితా పెట్టింది, గెలీలియో పుస్తకం అందులోంచి 1835లో గానీ బయటకి రాలేదు, చివరికి 1966లో ఆ జాబితానే ఎత్తేసింది. ఎత్తేసినందుకు నేను దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుంటాను. అసలు మధ్యయుగంలో మన పెద్ద వేదాంతి పునీత తోమా అక్వినాస్ ఎలా రాశాడో చూడండి, ప్రతి ప్రశ్నకీ ముందు అవతలివాళ్ళ వాదనలు పెడతాడు, ఒకటి, రెండు, మూడు అని, అవి కూడా బలహీనంగా కాదు, చదివితే అవే కరెక్టేమో అనిపించేటట్టు రాస్తాడు, ఆ తర్వాతే తన జవాబు, ఆ తర్వాత ఒక్కొక్క వాదనకీ విడివిడిగా సమాధానం. దేవుడు ఉన్నాడా అనే ప్రశ్నకి కూడా లేడు అనేవాళ్ళ వాదనే ముందు పెట్టాడండీ! లోకంలో చెడు ఉంది కదా మరి దేవుడెలా ఉంటాడు అని ఆయనే అడిగి ఆయనే జవాబు చెప్పాడు. మన ఇళ్ళల్లో రాజకీయం మాట్లాడుకునేటప్పుడు ఈ ఒక్క పద్ధతి పాటిస్తే, అంటే అవతలివాడి మాటని వాడు ఒప్పుకునేంత బాగా ముందు మనమే చెప్పి, తర్వాత మన మాట చెప్తే, సగం గొడవలుండవు.

2024 జూలైలో ఫ్రాన్సిస్ పోప్ గారు సాహిత్యం గురించి ఒక లేఖ రాశారు, గురువిద్యార్థులకని మొదలుపెట్టి క్రైస్తవులందరికీ అని మార్చారు. ఆయన కుర్రవాడిగా ఉన్నప్పుడు 1964, 65లో అర్జెంటీనా శాంత ఫేలో స్కూల్ పిల్లలకి సాహిత్యం పాఠాలు చెప్పారు. కథలు, నవలలు చదివితే ఇంకొకరి కళ్ళతో చూడటం అలవాటవుతుందని ఆయన ఉద్దేశం. పదవీ విరమణ చేసినవాళ్ళు భక్తి పుస్తకాలే చదవాలని రూలేమీ లేదు, నవల కూడా చదవండి, మనకి అస్సలు నచ్చని మనిషి లోపల ఏముంటుందో నవల చూపించినంతగా ఇంకేదీ చూపించదు.

ఇంక తిరగడం. యాత్ర అంటే ఫోటోలు కాదు అని అందరూ అంటారు, అది వదిలేద్దాం, ఫోటోలు తీసుకోండి, ఏం ఫర్లేదు. రోములో నన్ను బాగా కదిలించిన చోట్లు రెండు చెప్తాను.

కొలోసియంకి దగ్గర్లో శాన్ క్లెమెంతె అని ఒక గుడి ఉంది. ఇప్పుడు మనం పూజ చూసే గుడి పన్నెండవ శతాబ్దంది. మెట్లు దిగితే కింద నాలుగవ శతాబ్దపు గుడి. 1857లో ములూలీ అనే ఐరిష్ డొమినికన్ ఫాదర్ తవ్వించేదాకా అది అక్కడున్నట్టే లోకానికి గుర్తు లేదు. ఇంకా దిగితే తొలి శతాబ్దాల రోమన్ కట్టడాలు, అందులో మిత్ర అనే దేవుణ్ణి కొలిచిన గది. అక్కడ నిలబడితే నేల కింద నీళ్ళు పారే చప్పుడు వినపడుతుంది. నాకప్పుడు అనిపించిందేంటంటే, మా రోజుల్లో శ్రీసభ బాగుండేది, ఇప్పుడే పాడైంది అని మనం అంటుంటాం చూడండి, మన రోజులు ఆ మెట్లలో ఏ మెట్టు? రోమ్ సామ్రాజ్యం పోయింది, ఎన్ని రాజ్యాలు వచ్చాయి ఎన్ని పోయాయి, పూజ మాత్రం ఆగలేదు. ఏదో ఒక పార్టీ ఓడిపోతే క్రైస్తవం అయిపోయింది, గెలిస్తే దేవుడి రాజ్యం వచ్చేసింది అని ఎవరైనా అంటే నాకు ఆ మెట్లే గుర్తొస్తాయి.

రెండోది నవోనా చౌకు దగ్గర పునీత అగస్టీను గుడి. అందులో కరవజ్జో అనే చిత్రకారుడు గీసిన ఒక పెద్ద చిత్రం ఉంటుంది, మరియతల్లి బాలయేసుని ఎత్తుకుని గుమ్మంలో నిలబడి ఉంటుంది, ఎదురుగా ఇద్దరు పేద యాత్రికులు మోకాళ్ళ మీద. వాళ్ళలో మగాయన అరికాళ్ళు మనవైపుకే ఉంటాయి, దుమ్ము కొట్టుకుపోయి. తల్లి వాళ్ళ కాళ్ళు కడుక్కుని రమ్మనలేదు. అదే గుడిలో పునీత మోనికమ్మ సమాధి. ఆమె కొడుకు అగస్టీను కోసం ఆఫ్రికా నుంచి సముద్రం దాటి మిలాన్ దాకా వెళ్ళింది, తిరిగి వెళ్ళే దారిలో 387లో ఓస్తియా రేవులో చనిపోయింది. ఊరుకాని ఊళ్ళో పాతిపెడితే ఎలా అని పిల్లలు బాధపడుతుంటే, నా శరీరాన్ని ఎక్కడైనా పెట్టండి, ఎక్కడున్నా ప్రభువు పీఠం దగ్గర నన్ను తలుచుకోండి చాలు అంది. మన వయసు వాళ్ళకి ఇంతకన్నా ధైర్యం ఇచ్చే మాట నాకైతే తెలీదు.

ప్రయాణం చెయ్యలేనివాళ్ళు బాధపడక్కర్లేదు. లిసియూ పునీత తెరెసమ్మ పదిహేనేళ్ళకి మఠంలో చేరాక చనిపోయేదాకా బయటకి రాలేదు, అయినా 1927లో ఆమెని దేశదేశాల్లో సువార్త చెప్పే మిషన్లకి పాలక పునీతురాలిగా ప్రకటించారు.

అస్సీసి పునీత ఫ్రాన్సిస్ ప్రయాణం ఒకటి చెప్పి రాజకీయంలోకి వెళ్తాను. 1219, అయిదవ క్రూసేడ్, అంటే క్రైస్తవ సైన్యాలు ముస్లిం రాజ్యాల మీద చేసిన యుద్ధం, నడుస్తోంది, ఈజిప్టులో దామియెట్టా ముట్టడి. రెండు వైపులా శవాలు. ఫ్రాన్సిస్ ఒక సోదరుణ్ణి వెంటబెట్టుకుని, ఆయుధం లేకుండా, యుద్ధభూమి దాటి సుల్తాన్ అల్ కామిల్ దగ్గరికి వెళ్ళాడు. సుల్తాన్ మతం మారలేదు, యుద్ధం ఆగలేదు, కానీ ఆయన ఫ్రాన్సిస్‌ని గౌరవంగా చూసి క్షేమంగా వెనక్కి పంపాడు. సరిగ్గా ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత 2019 ఫిబ్రవరిలో అబుదాబీలో, అదే పేరు పెట్టుకున్న పోప్ గారు ఈజిప్టులోని అల్ అజహర్ ఇస్లామిక్ విద్యాపీఠం గ్రాండ్ ఇమామ్ అహ్మద్ అల్ తయ్యిబ్‌తో కలిసి మానవ సోదరభావం మీద పత్రం సంతకం చేశారు. మనం వేరే మతం వాళ్ళ ఇంటి గుమ్మం ఎక్కడానికే ఆలోచిస్తాం, ఆయన యుద్ధం మధ్యలోంచి నడిచి వెళ్ళాడు.

రాజకీయం. ఇది మాట్లాడొద్దు అన్నవాళ్ళు కూడా ఉన్నారు, గుడిలో రాజకీయమేంటి అని. గుడిలో పార్టీ వద్దు, అది నేనూ ఒప్పుకుంటా. శ్రీసభ చట్టం 285వ నియమం ప్రకారం గురువులు ప్రభుత్వాధికారం ఉండే పదవులు తీసుకోకూడదు. అంటే ఆ పని ఎవరిది? మనది, గృహస్థులది, అంటే గురువులు కాని మామూలు విశ్వాసులది. ఇందాక చెప్పిన వాటికన్ మహాసభ ఇంకో మాట కూడా అంది, ప్రతి సమస్యకీ గురువుల దగ్గర రెడీమేడ్ జవాబు ఉంటుందని గృహస్థులు అనుకోవద్దు అని. కాబట్టి ఓటు ఎవరికెయ్యాలో ఫాదర్ గారు చెప్తారని ఎదురుచూడకూడదు, చదివి, విచారించి, ప్రార్థన చేసి మనమే తేల్చుకోవాలి.

తేల్చుకోడానికి మన దగ్గర సరుకు లేక కాదు. 1891 మేలో లియో 13 పోప్ గారు కార్మికుల మీద రాసిన లేఖ తియ్యండి. జీతం కుటుంబం బతికేలా ఉండాలి, పిల్లలతో పని చేయించకూడదు, కార్మికులకి సంఘం పెట్టుకునే హక్కు ఉంది అన్నారు, అదే లేఖలో సొంత ఆస్తి హక్కు కూడా ఉంది అన్నారు. అటు ఫ్యాక్టరీ యజమానులకీ పూర్తిగా నచ్చలేదు, ఇటు సోషలిస్టులకీ నచ్చలేదు. 2025 మే 8న ఎన్నికైన ఇప్పటి పోప్ గారు ఆ లియో పేరే తీసుకున్నారు, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ తెచ్చే మార్పుల్లో పనిచేసేవాళ్ళ గౌరవం ఏమవుతుందనే ఆలోచనతోనే అని కార్డినల్స్‌కి చెప్పారు కూడా. ఇప్పుడు మీరే వరసగా పెట్టుకుని చూడండి, గర్భంలో బిడ్డ ప్రాణం, మరణశిక్ష ఇక కుదరదని 2018లో మార్చిన కేటకిజం పేరా, శరణార్థులు, కూలివాడి జీతం, 2015లో భూమి సంరక్షణ మీద వచ్చిన లేఖ, ఇవన్నీ కలిపి ఒప్పుకునే పార్టీ ఏ దేశంలోనైనా ఉందా? నాకు కనపడలేదు. అందుకే కథోలికుడు ఏ పార్టీలో ఉన్నా కొంచెం ఇరుకుగానే ఉంటాడు, ఉండాలి కూడా, ఆ ఇరుకు పోయిందంటే మనం విశ్వాసంలో ఏదో ముక్క వదిలేశామన్నట్టే.

ఈ నాలుగూ ఒక్క మనిషిలో చూడాలంటే ఫ్రాంజ్ యేగర్‌స్టెట్టర్‌ని చూడండి. ఆస్ట్రియాలో సాంక్ట్ రాడెగుండ్ అనే చిన్న పల్లెలో రైతు, 1907లో పుట్టాడు. పెద్ద చదువు లేదు, పద్నాలుగేళ్ళకి బడి అయిపోయింది, కానీ బైబిలు, పునీతుల చరిత్రలు తెగ చదివేవాడు. 1936లో ఫ్రాన్సిస్కాని పెళ్ళి చేసుకుని ఇద్దరూ రోముకి యాత్ర వెళ్ళొచ్చారు. ముగ్గురు ఆడపిల్లలు, గుడిలో సేవకుడిగా కూడా పనిచేసేవాడు. 1938 మొదట్లో ఒక కల వచ్చింది, అందమైన రైలు ఒకటి కొండ చుట్టూ పోతోంది, జనం పిల్లాపాపలతో ఎగబడి ఎక్కుతున్నారు, ఈ రైలు నరకానికి పోతోంది అని ఒక స్వరం వినిపించింది. ఆ రైలు నాజీయిజమే అని ఆయనకి అర్థమైంది. ఆ ఏడే ఆస్ట్రియాని జర్మనీలో కలపడానికి ఓటింగ్ పెడితే ఆ పల్లెలో వద్దు అని వేసింది ఆయనొక్కడే.

తర్వాత సైన్యంలోకి పిలుపు వచ్చింది. హిట్లర్ యుద్ధంలో ఆయుధం పట్టను అన్నాడు, కావాలంటే క్షతగాత్రులకి సేవ చేస్తాను అన్నాడు, వాళ్ళు ఒప్పుకోలేదు. అందరూ నచ్చజెప్పారు, ఊరివాళ్ళు, బంధువులు, చివరికి ఆయన వెళ్ళి కలిసిన బిషప్ గారు కూడా, నీకు పెళ్ళాం పిల్లలున్నారు, ప్రభుత్వం చేసేదానికి నీ బాధ్యత లేదు అని. ఇక్కడ నాకు ఎంత చదివినా గుండె పట్టేస్తుంది, ఎందుకంటే ఆయన శ్రీసభని విడిచి వెళ్ళలేదు, బిషప్ గారిని తిట్టలేదు, జపమాల వదల్లేదు, కానీ లోపల దేవుడితో ఒంటరిగా ఉన్న ఆ చోట విన్నదాన్ని మాత్రం మార్చుకోలేదు. జైల్లో ఉండగా అక్కడి ఫాదర్ చెప్పారు, ఇదే కారణంతో రైనిష్ అనే గురువు ముందు ఏడాదే ప్రాణమిచ్చాడని, అది విని ఆయనకి ఎంత ఊరట కలిగిందో. 1943 జూలై 6న మరణశిక్ష వేశారు, ఆగస్టు 9న, అంటే ఎడిత్ స్టెయిన్ పోయిన ఏడాదికి అదే రోజున, తల నరికేశారు. చాలా ఏళ్ళు ఊళ్ళో ఆయన పేరెత్తడానికే ఇష్టపడలేదు, భార్యని కూడా తప్పుపట్టినవాళ్ళున్నారు. 1997లో బెర్లిన్ కోర్టు ఆ శిక్షని రద్దు చేసింది. 2007లో లింజ్‌లో ఆయన్ని ధన్యుడిగా, అంటే పునీతుడికి ముందు మెట్టులో, ప్రకటించిన రోజు భార్య ఫ్రాన్సిస్కా తొంభై నాలుగేళ్ళ వయసులో అక్కడే ఉంది.

ఆయన చదివినవి మన ఇళ్ళల్లోనూ ఉన్న పుస్తకాలే. ఆయన వెళ్ళిన రోముకే మనవాళ్ళూ వెళ్ళొస్తున్నారు.

కాబట్టి నేను అడిగేది ఒక్కటి. వచ్చే నెల మళ్ళీ కలిసేలోపు బైబిల్లో మూడు చోట్లు పక్కపక్కన పెట్టుకుని చదవండి. రోమీయులకు రాసిన లేఖ 13వ అధ్యాయం, అధికారులకి లోబడి ఉండమని పౌలు గారు చెప్పింది. అపోస్తలుల కార్యాలు 5వ అధ్యాయం 29వ వచనం, మనుషులకన్నా దేవుడికే లోబడాలని పేతురు గారు యూదుల న్యాయసభ ముందు నిలబడి చెప్పింది. దర్శన గ్రంథం 13వ అధ్యాయం, అధికారమే మృగమై పూజ చెయ్యమని అడిగేది. మూడూ దేవుడి వాక్కే, ఒకటి ఉంచుకుని రెండు తీసెయ్యడానికి లేదు. మన కాలంలో ఏది ఎప్పుడు వర్తిస్తుందో, ఎందుకో, మీకు మీరుగా రాసుకుని తీసుకురండి, కూర్చుని మాట్లాడుకుందాం, ఒప్పుకోనివాళ్ళు ముందు మాట్లాడాలి. ఇప్పుడు ఎవరికైనా ప్రశ్నలుంటే మైకు ఇటువైపు నుంచి ఇస్తారు.